మండలానికో ఉమ్మడి వర్క్‌షాపు కావాలి

వరి కోతల కాలంలో కోత మిషను ఒక్కరోజు ఆగిపోతే ఎంత నష్టమో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక బెల్టు తెగుతుంది, లేదా ఒక బేరింగు పోతుంది. మెకానిక్ పట్నం నుంచి రావాలి, సామాను జిల్లా కేంద్రం నుంచి రావాలి. ఈలోగా మబ్బు పడుతుంది. మోటారు కాలిపోయినా ఇదే తంతు. బోరులోంచి మోటారును పైకి లాగే బండికి ఒక కిరాయి, వైండింగు షాపుకు ఒక బిల్లు, మళ్లీ దించడానికి ఇంకో కిరాయి. పైరు మాత్రం ఈ నాలుగైదు రోజులూ నీళ్లు లేకుండా ఆగదు. రైతు పెట్టుబడి లెక్కల్లో విత్తనం ఉంటుంది, ఎరువు ఉంటుంది, కూలి ఉంటుంది. మరమ్మతు ఖర్చును విడిగా రాసుకునేవాళ్లు తక్కువ. మద్దతు ధర లెక్కల్లో కూడా ఆ ఖర్చు రైతు చేతి నుంచి పోయినంతగా కనబడదు.

యాంత్రీకరణ పేరుతో ప్రభుత్వాలు డబ్బు ఖర్చు చేయలేదని మేము అనడం లేదు. 2014-15లో కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకాన్ని మొదలుపెట్టింది. చిన్న, సన్నకారు రైతులకు, దళిత, గిరిజన రైతులకు, మహిళా రైతులకు 50 శాతం దాకా, మిగిలినవారికి 40 శాతం దాకా రాయితీ అన్నారు. అద్దె యంత్రాల కేంద్రాలు వచ్చాయి. ట్రాక్టర్లు, రోటావేటర్లు, పవర్ స్ప్రేయర్లు ఊళ్లలోకి వచ్చాయి. అయితే ఆ యంత్రాన్ని విప్పి చూడటం, అరిగిన భాగాన్ని మార్చడం, మన నేలకు తగ్గట్టు దాన్ని సవరించుకోవడం నేర్పే చోటు మాత్రం రాలేదు. రాయితీ సొమ్ము రైతు పేరున విడుదలై కంపెనీకి చేరుతుంది. ఆ తర్వాత పదేళ్ల పాటు మరమ్మతుల సొమ్ము కూడా అదే దారి పడుతుంది.

ఈ సంచికలో మేము అడుగుతున్నది ఒక్కటే. ప్రతి మండలంలో ఒక ఉమ్మడి వర్క్‌షాపు ఉండాలి. పట్నాల్లో ఇలాంటి వాటిని మేకర్‌స్పేస్ అంటున్నారు. పేరు ఏదైనా పని ఇదే: వెల్డింగు సెట్టు, డ్రిల్లు, గ్రైండరు, బెంచి వైసు, కొలిచే పరికరాలు ఒకచోట ఉంటాయి. నేర్పే మనిషి ఒకరు ఉంటారు. ఊళ్లోవాళ్లు ఎవరైనా వచ్చి తమ చేత్తో తాము పని చేసుకోవచ్చు. చేస్తూ నేర్చుకోవచ్చు.

పూర్వం మనకు కొలిమి ఉండేది గదా అని పెద్దవాళ్లు అంటారు. నిజమే. కర్రు అరిగితే సానబట్టేది, గుంటక పాస వంగితే కొట్టి సరిచేసేది ఊరి కమ్మరే. నాగలి, గొర్రు, దంతె ఆ నేల స్వభావం తెలిసిన వడ్రంగి చేతిలో తయారయ్యేవి. నల్లరేగడికి ఒక రకం, చెల్కకు ఇంకో రకం. ఆ జ్ఞానం చిన్నది కాదు. కానీ ఆ కొలిమి చుట్టూ ఉన్న ఏర్పాటును మేము నెత్తిన పెట్టుకోలేము. మేర పేరుతో కళ్లంలో కొలిచి ఇచ్చే గింజలకు ఏడాది పొడుగునా చాకిరీ చేసిన కుటుంబాలవి. ఆ పని ఆ కులానికే కట్టేసి ఉండేది. వేరేవాళ్లు ముట్టుకోకూడదు, ఆడవాళ్లు అసలే కూడదు. ఇప్పుడు మేము అడుగుతున్నది ఆ కొలిమిని తిరిగి తెమ్మని కాదు. ఆ పనితనం ఎవరు నేర్చుకోవాలన్నా తలుపు తెరిచి ఉండే చోటు కావాలని.

ఇది ఊహలో మాట కాదు. మహారాష్ట్రలో పుణే జిల్లా శిరూర్ తాలూకాలో పాబళ్ అనే ఊరుంది. వానలు తక్కువ పడే మెట్ట ప్రాంతం. హిందుస్థాన్ లీవర్ పరిశోధన విభాగంలో పనిచేసిన ఆహార సాంకేతిక శాస్త్రవేత్త డాక్టర్ శ్రీనాథ్ కల్‌బాగ్ ఆ ఉద్యోగం వదిలి 1983లో అక్కడ విజ్ఞాన్ ఆశ్రమ్ మొదలుపెట్టారు. బడి మానేసిన పల్లె పిల్లలు ఆయన విద్యార్థులు. పుస్తకం ముందు, పని తర్వాత అనే వరుసను ఆయన తిరగేశారు. ఏడాది కోర్సులో నాలుగు భాగాలు: ఇంజనీరింగు, విద్యుత్తు-పర్యావరణం, ఇల్లు-ఆరోగ్యం, వ్యవసాయం-పశుపోషణ. వెల్డింగు నేర్చుకునే పిల్లవాడు ఉత్త ఇనుప ముక్కలు అతికించి పారేయడు. ఊళ్లో ఎవరికో కావలసిన గేటు చేస్తాడు, కోళ్ల షెడ్డుకు ఫ్రేము చేస్తాడు. చేసిన వస్తువు పనికి రావాలి, దానికి డబ్బు రావాలి. లెక్కలు కూడా అక్కడే వస్తాయి: ఇనుము ఎంత పట్టింది, రాడ్లు ఎన్ని అయ్యాయి, కరెంటు ఎంత, ధర ఎంత చెప్పాలి.

ఆ వర్క్‌షాపు నుంచి వచ్చినవి బొమ్మలు కావు. తక్కువ ఖర్చుతో చిన్న ట్రాక్టరు చేశారు. భూగర్భ జలం జాడ తెలుసుకునే విద్యుత్ నిరోధక మీటరు చేసి, దాన్ని వాడటం పల్లె కుర్రాళ్లకు నేర్పారు. గోళాకారపు ఇల్లు ఒకటి రూపొందించారు. 1993లో లాతూర్, కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చి ఊళ్లకు ఊళ్లు నేలమట్టమైనప్పుడు ఆ ‘పాబళ్ డోమ్’ చాలామందికి నీడయింది. 2002లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థ తన ఆవరణ బయట మొట్టమొదటి ఫ్యాబ్ ల్యాబ్ పెట్టడానికి ఎంచుకున్నది ఈ ఊరినే. కంప్యూటరుతో నడిచే కోత యంత్రాలు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు తయారుచేసే సామగ్రి అక్కడికి వచ్చాయి. ఏం చేద్దాం అనే ప్రశ్న వచ్చినప్పుడు కల్‌బాగ్ ముందుపెట్టినవి పాల నాణ్యత పరీక్షించే పరికరం, డీజిల్ ఇంజను సరిగా ట్యూన్ అయిందో లేదో చూసే సెన్సరు. పాలు పోసే రైతు కేంద్రంలో వాళ్లు చెప్పిన కొలతనే నమ్మాలి. తన చేతిలో కూడా ఒక కొలత ఉంటే మాట్లాడగలడు. అక్కడి విజ్ఞానం ఎవరి వైపు నిలబడిందో ఈ ఒక్క ఉదాహరణ చాలు. కల్‌బాగ్ 2003లో చనిపోయారు. సంస్థ నడుస్తూనే ఉంది.

ఇంకో ఉదాహరణ దూరదేశానిది. ఫ్రాన్స్‌లో సేంద్రియ కూరగాయలు పండించే కొందరు రైతులు కంపెనీ పనిముట్లు తమ పద్ధతికి సరిపోవడం లేదని సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టారు. 2014కల్లా అది ఒక సహకార సంఘమైంది. పేరు లతెలియే పేయిజాన్, అంటే రైతు కార్ఖానా. వాళ్ల పద్ధతి మనం గమనించదగ్గది. కోత మిషన్లు, వెల్డింగు సెట్లు, డ్రిల్లులు ఒక లారీలో ఎక్కించుకుని ఊరికి వస్తారు. మూడు నుంచి అయిదు రోజుల శిక్షణ. రైతులు, రైతు మహిళలు కలిసి ఇనుము కోస్తారు, అతుకుతారు. చివరి రోజు తమకు కావలసిన పనిముట్టును తామే చేసి ఇంటికి తీసుకుపోతారు. పనిముట్ల నక్షాలన్నీ ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. అక్కడ రైతుల శిక్షణకు ఒక నిధి ఉంది. ఖర్చులో చాలాభాగం దానినుంచి వస్తుంది. మన దగ్గర కూడా అలాంటి నిధి గురించి గట్టిగా ఆలోచించాలి. యంత్రానికిచ్చే రాయితీకి ఉన్న ప్రాధాన్యం, యంత్రం గురించి రైతుకు తెలియజెప్పడానికి ఉండటం లేదు.

మన రాష్ట్రాల సంగతికి వద్దాం. హైదరాబాద్ రాయదుర్గంలో తెలంగాణ ప్రభుత్వం టి-వర్క్స్ కట్టింది. 2023 మార్చి 2న ప్రారంభించారు. 78 వేల చదరపు అడుగులు. కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసుకునే కేంద్రాల్లో దేశంలోకెల్లా పెద్దదని చెబుతారు. మంచిదే. పన్ను కట్టే ప్రజల సొమ్ముతో అలాంటి చోటు ఉండాల్సిందే. కానీ ఆదిలాబాద్ నుంచో అచ్చంపేట నుంచో గొర్రు పట్టుకుని ఒక రైతు అక్కడికి వెళ్లేదెలా? వెళ్లినా ఎన్ని రోజులుంటాడు? పత్తి ఏరే కాలంలో అయితే ఒక్క పూట కూడా కుదరదు.

చింతకింది మల్లేశం కథ అందరికీ తెలుసు, సినిమా కూడా వచ్చింది. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబం. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి వాళ్లమ్మ వేలసార్లు చెయ్యి ఆడించాలి, భుజాలు పీకేసేవి. ఆ బాధ చూడలేక మిషను చేయాలని పూనుకున్నాడు. చదువు మధ్యలో ఆగిన మనిషి. అప్పులు చేశాడు, ఊళ్లో నవ్వులపాలయ్యాడు, బతకడానికి హైదరాబాదు వచ్చి కరెంటు పనులు చేశాడు. ఆగిపోయిన చిక్కుముడి బాలానగర్‌లో ఒక మిషను కదలికను కళ్లారా చూశాక విడిందని చెబుతారు. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. కానీ ఆ కథను ఒక్క మనిషి పట్టుదల కథగానే చెప్పుకోవడం మాకు నచ్చదు. ఆలేరులోనే ఒక వర్క్‌షాపు ఉండి, నాలుగు రకాల మిషన్లు చూసే వీలుండి, చెప్పేవాళ్లు ఒకరుండి ఉంటే అన్నేళ్లు, అన్ని అప్పులు పట్టేవా? మధ్యలో ఆగిపోయిన మల్లేశాలు ఎంతమందో మనకెవరికీ తెలియదు. వాళ్లమీద సినిమాలు రావు.

వర్క్‌షాపు ఉంటే అక్కడ ఏం చేస్తారు అని అడగొచ్చు. మూడు నాలుగు పనులు చెబుతాం.

స్ప్రేయరుతో మొదలుపెడదాం, ప్రతి ఇంట్లో ఉన్నదే. నాజిల్ వాడగా వాడగా రంధ్రం పెద్దదవుతుంది. మందు ఎక్కువ పడుతుంది, చుక్కలు లావుగా పడి ఆకు మీద నిలవకుండా కారిపోతాయి. రైతు ఏమో మందు పనిచేయలేదని ఇంకో డబ్బా కొంటాడు. పరీక్ష చాలా చిన్నది. మామూలు నీళ్లు పోసి, ఒక నిమిషంపాటు నాజిల్ నుంచి పడిన నీటిని కొలత సీసాలో పట్టాలి. అదే రకం కొత్త నాజిల్‌తోనూ అలాగే పట్టి చూడాలి. పాతది పదో వంతుకు మించి ఎక్కువ వదిలితే మార్చేయాలి. కలుపు మందుకు చదునుగా విసనకర్రలా పడే నాజిల్, పురుగు మందుకు గుండ్రంగా పొగలా పడే నాజిల్ అన్న తేడా కూడా మందు డబ్బా అమ్మేవాళ్లు చెప్పరు. వాషర్లు పోయి వీపు మీద కారే స్ప్రేయరు మోసేది ఎక్కువగా కూలికి వచ్చిన మనిషి. పది రూపాయల వాషరు మార్చడం నేర్చుకుంటే ఆ మనిషి ఒంటిమీద విషం పడదు.

రెండోది విత్తే గొర్రు. వేరుశనగ విత్తనానికి ఎంత పెట్టుబడి పడుతుందో అనంతపురం రైతును అడగండి. డ్రైవరు చెప్పిన లెక్కకే విత్తుతాం. వర్క్‌షాపు ముందు నేలమీద గొర్రును జాకీతో లేపి, ఒక్కో గొట్టానికి కింద సంచి కట్టి, చక్రాన్ని ఇరవై చుట్లు తిప్పి చూడాలి. ఆరు సాళ్ల గొర్రు, సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు అనుకుందాం. వెడల్పు 1.8 మీటర్లు. చక్రం చుట్టుకొలత మీటరున్నర అయితే ఇరవై చుట్లకు 30 మీటర్ల దూరం, అంటే 54 చదరపు మీటర్లు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి సంచుల్లో పడిన గింజల్ని తూచి 75తో హెచ్చవేస్తే ఎకరాకు ఎంత పడుతుందో వచ్చేస్తుంది. ఒక్కో సంచిని విడిగా తూస్తే ఏ గొట్టం తక్కువ వదులుతోందో కూడా తెలుస్తుంది. ఇది ఎనిమిదో తరగతి లెక్క. ఊరి హైస్కూలు పిల్లలను తెచ్చి చేయిస్తే బడికీ, సేద్యానికీ రెండింటికీ మేలు.

మూడోది మోటారు. ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు, ప్రాణాల సంగతి. ఓల్టేజి తక్కువైనా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది. కాలకుండా ఆపడానికే స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. మోటారు నేమ్‌ప్లేటు మీద ఉన్న ఆంపియర్లను చూసి దాన్ని సరిచేయాలి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా కలిపేయడం మన ఊళ్లలో మామూలైంది. ఆటో స్టార్టర్ పెట్టిన చోట రైతు తీగ పట్టుకుని ఉండగానే కరెంటు వచ్చి మోటారు కదులుతుంది. ఎర్తింగు ఉండదు, ఉన్నా తీగ ఎప్పుడో తెగి ఉంటుంది. ప్రతి సీజనులో పొలంలో షాక్ కొట్టి రైతులు, కూలీలు చనిపోతున్నారు. వాళ్ల కుటుంబాల పరిహారం కోసం మన సంఘం కార్యకర్తలు తిరగని ఆఫీసు లేదు. ఒక్క రోజు, అర్హత గల ఎలక్ట్రీషియన్ దగ్గర నిలబడి ఎర్తు గుంత ఎలా తీయాలి, పైపు ఎంత లోతు దింపాలి, బొగ్గు, ఉప్పు ఎలా నింపాలి, స్టార్టరు పెట్టె ముట్టే ముందు ఏం చూసుకోవాలి అన్నది చేతులతో నేర్చుకుంటే కొన్ని ఇళ్లలో దీపం నిలుస్తుంది. లైన్లు సరిచేయాల్సిన బాధ్యత విద్యుత్ పంపిణీ సంస్థలదే. ఆ బాధ్యతను రైతు శిక్షణ పేరుతో దులిపేసుకోనివ్వం.

ఇక ఆడవాళ్ల పనిముట్ల సంగతి. నాట్లు, కలుపు, పత్తి తీత — వంగి చేసే పనులన్నీ వాళ్లవే. పనిముట్టు మాత్రం మగవాళ్ల ఎత్తుకు, మగవాళ్ల బలానికి తయారవుతుంది. శ్రీ వరి సాగు వచ్చిన కొత్తలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన కోనో వీడర్‌ను మన దగ్గర పంచారు. బురదలో దాన్ని తోయడం చాలామంది వల్ల కాలేదు. చివరికి మన జిల్లాల రైతులు, వెల్డింగు షాపుల వాళ్లే బరువు తగ్గించి, చక్రాలు మార్చి తేలికపాటి వీడర్లు చేశారు. అది పద్ధతి ప్రకారం జరగాలంటే కలుపు తీసే ఆమె వర్క్‌షాపులో నిలబడి, హ్యాండిల్ ఇంకో నాలుగు అంగుళాలు కిందికి దించమని చెప్పగలగాలి. వెల్డింగు ఆమే నేర్చుకుంటే మరీ మంచిది.

వర్క్‌షాపు ఒక్కదానితో అన్నీ తీరిపోవు. కొత్త ట్రాక్టర్లు, కోత మిషన్లలో ఎలక్ట్రానిక్ భాగాలు పెరుగుతున్నాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకుండా తప్పు ఎక్కడుందో తెలియని పరిస్థితి వస్తోంది. అమెరికా రైతులు దీనిమీద ఏళ్ల తరబడి కొట్లాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమలైంది. విడిభాగాలు, మాన్యువళ్లు, సాఫ్ట్‌వేర్ రైతుకూ, బయటి మెకానిక్‌కూ ఇవ్వాలని ఆ చట్టం కంపెనీలను ఆదేశిస్తుంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచారు. కంపెనీల కస్టమర్ కేర్ నంబర్లు ఒకచోట పెట్టడం హక్కు కాదు. చట్టం కావాలి. రాయితీ పొందే ప్రతి యంత్రానికీ తెలుగు మాన్యువల్, విడిభాగాల బొమ్మల పట్టిక ఇచ్చి తీరాలన్న షరతు పెట్టడానికైతే రాష్ట్ర ప్రభుత్వాలకు ఢిల్లీ అనుమతి కూడా అక్కర్లేదు.

చోటు లేదు అనే సాకు చెల్లదు. తెలంగాణలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో పది వేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు పెట్టారు, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలంటున్నారు. కుర్చీలున్నాయి, టీవీలున్నాయి. వెతికినా ఒక బెంచి వైసు దొరకదు. మండలానికి ఒక వేదిక పక్కన రేకుల షెడ్డు వేసి, త్రీఫేజ్ కరెంటు ఇచ్చి, సామాను పెట్టడానికి అయ్యే ఖర్చు ప్రభుత్వాలకు లెక్కలోకి రాదు. చేతి పనిముట్లు, వెల్డింగు సెట్టు, డ్రిల్లు, గ్రైండరు అన్నీ కలిపినా ఒక కొత్త రోటావేటరు ధరకు అటూ ఇటూగానే ఉంటాయి. నేర్పేవాళ్లకు శిక్షణ కావాలంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. ఐటీఐలున్నాయి. వాటి గేట్లు రైతుకు తెరవాలి.

ఊళ్లో ఉన్న మెకానిక్‌ల పొట్ట కొట్టినట్టవుతుందేమో అని కొందరు మిత్రులు అన్నారు. అందుకే నేర్పే బాధ్యత మొదట వాళ్లకే, గౌరవ వేతనంతో ఇవ్వాలంటున్నాం. కంపెనీ సర్వీసు సెంటరు మింగుతున్నది వాళ్ల పనినే. తాళం పడిన గదుల్లో ఇదొకటి అవుతుందేమో అనే అనుమానం మాత్రం సహేతుకమైనదే. భూసార పరీక్ష మిషన్లు దుమ్ము పట్టడం మనం చూశాం. జీతమిచ్చి ఒక మనిషిని నియమించకుండా, సామాను మాత్రమే కొని ఫోటోలు దిగే పథకమైతే మాకు వద్దే వద్దు. నిర్వహణ రైతులు, వ్యవసాయ కార్మికులు, మహిళా సంఘాలు కలిసిన కమిటీ చేతిలో ఉండాలి.

మరో సంగతి ఉంది, మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. యంత్రాల రాయితీకి పట్టాదారు పాసు పుస్తకం అడుగుతారు. కౌలు రైతు దగ్గర అది ఉండదు. దున్నేది, విత్తేది, అప్పు చేసేది అతను. రాయితీ వచ్చేది భూయజమానికి. ఉమ్మడి వర్క్‌షాపు గుమ్మంలో పాసు పుస్తకం అడిగే పని లేదు. పాడైన పనిముట్టు చేతిలో ఉంటే చాలు. ఈ ఒక్క షరతును మాత్రం ఎవరెంత నచ్చజెప్పినా మనం వదులుకోకూడదు.

మండల కమిటీలకు మా విన్నపం ఇది. తొలకరికి ముందే మీ మండలంలో ఏ ఏ యంత్రాలున్నాయి, పోయిన సీజనులో ఏవి ఎన్ని రోజులు మూలనపడ్డాయి, మరమ్మతుకు ఎంత పోయింది అన్నది ఊరి వారీగా రాయించండి. కౌలు రైతులను, కూలీలను విడిగా అడగండి. వెల్డింగు, వైండింగు, వడ్రంగం తెలిసినవాళ్ల పేర్లూ అందులోనే రాయండి, ఆడవాళ్లు ఎవరైనా ఉంటే తప్పకుండా. ఆ చిట్టాలు జిల్లా ఆఫీసుకు చేరితే కలెక్టర్‌కు ఇచ్చే వినతిపత్రానికి వాటినే జతచేస్తాం.